పలుగు కడిగే చెయ్యి

గరికబండ సమాధుల దొడ్డిలో మన్ను మోకాలి లోతే. దాని కింద అంతా రాయే. దేవుడు లోకాన్ని చేసేటప్పుడు మిగిలిన నాపరాళ్లన్నిటినీ అక్కడ ఒకదానిమీద ఒకటి పేర్చి, మళ్లీ వచ్చి తీసుకుపోతానని చెప్పి మరిచిపోయాడని ఊళ్లో అంటారు. ఆ నేలలో కప్ప కూడా గుంట తీసుకోలేక వానాకాలం రాగానే దాచేపల్లి పోయి కాపురం పెడుతుందట. అలాంటి చోట మనిషి చావడం తేలిక, పూడ్చడమే కష్టం.

ఆ కష్టాన్ని నెహెమ్యా తన భుజానికి ఎత్తుకొని నలభై ఏళ్లు దాటింది. ఎండిన కందికట్టెలాంటి మనిషి. పొద్దున పూట నాపరాయి క్వారీలో కూలి చేసేవాడు. పల్లెలో ఎవరైనా కన్నుమూశారని తెలిస్తే మాత్రం క్వారీని, కూలిని, మేస్త్రి తిట్లను అక్కడే వదిలేసి గడ్డపలుగు భుజాన వేసుకొని సమాధుల దొడ్డికి వచ్చేవాడు. ఎవరూ పిలవనక్కర్లేదు. రాతి మీద చెవి ఆనించి పలుగు మొనతో రెండు దెబ్బలు కొట్టి వినేవాడు. పొర ఎక్కడ విడుతుందో రాయే అతని చెవిలో చెబుతుందని జనం నమ్మకం. కొందరైతే కింద పడుకున్న పాతవాళ్లు చెబుతారని ఇంకో మెట్టు ఎక్కించేవారు. నెహెమ్యా అవునూ అనడు, కాదూ అనడు.

ఆ పలుగు అతని మేనమామ ఇచ్చింది. పెళ్లినాడు నెహెమ్యా తలకంటే జానెడు ఎత్తుండేది. ఇప్పుడు భుజం దగ్గరికి దిగింది. అరిగిన ఆ ఇనుమంతా ఎటుపోయిందని ఎవరైనా అడిగితే, "యాడికి పోతుంది. తలా చిటికెడు పంచా," అని సమాధుల వైపు చూపించేవాడు.

ఒక్క మర్యాద మాత్రం పాటించాలి. పెట్టె దించి, మన్ను కప్పి, శిలువ నాటి, ప్రార్థన ముగిశాక, పోయినవాళ్ల ఇంటిమనిషి చెంబుతో నీళ్లు తెచ్చి నెహెమ్యా పలుగును తన చేత్తో కడగాలి. కొడుకైతే కొడుకు, ఆలైతే ఆలి. కండువాతోనో కొంగుతోనో తుడిచి రెండు చేతులతో ఇవ్వాలి. అతను రెండు చేతులతో అందుకుంటాడు. మాటలుండవు, డబ్బుండదు. అది జరిగాకే మిగతా జనం చేతులు కడుక్కుంటారు. అది మేనమామ గుంటలు తవ్విన కాలం నుంచి వచ్చిన పద్ధతి. ఇంటిమనిషి తప్ప ఇంకెవరూ ఆ పలుగు కడగకూడదు. తవ్వినవాడు తనే కడుక్కోవడం అసలు కూడదు.

ఒకసారి లారీలున్న ఆసామి ఒకడు తల్లిని పూడ్చాక పెద్ద నోటు తీసి నెహెమ్యా జేబులో కుక్కబోయాడు. నెహెమ్యా ఆ నోటును మట్టిదిమ్మ మీద పెట్టి, ఎగరకుండా రాయి పెట్టి, పలుగు అందుకొని ఇంటికి పోయాడు. తెల్లారేసరికి ఆ నోటును మేక తినేసిందట. ఆ తర్వాత ఏడాది పాటు ఆ మేక సాటి మేకల్ని లెక్కచేయలేదని, తుమ్మకాయ పెడితే మొహం తిప్పుకునేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఎందుకింత కష్టం ఊరికే పడతావని అడిగితే నెహెమ్యా చెప్పే జవాబు ఒకటే. "దేవుడి పనిగదా." అసలు సంగతి అతని భార్య దీనమ్మకు తెలుసు.

వాళ్లకు మొదట ఆడపిల్ల పుట్టింది. పాకే వయసులో జ్వరం వచ్చి చనిపోయింది. కబురు క్వారీకి వచ్చినప్పుడు నెహెమ్యా లారీకి రాయి ఎత్తుతున్నాడు. "లారీ నిండినాక పో. పోయిన పిల్ల ఎటూ లేచి రాదు," అన్నాడు మేస్త్రి. అతని దగ్గర బయానా తీసుకొని ఉన్న రోజులవి. నెహెమ్యా లారీ నింపాడు, ఆ పూట కూలి కూడా అందుకున్నాడు. ఇంటికి వచ్చేసరికి పూడ్చడం అయిపోయింది. తవ్వినవాళ్లు మంచివాళ్లే. కానీ రాయి తగలగానే, పసిబిడ్డేగదా ఉన్నంతలో చాలులే అనుకున్నారు. మర్నాడు కుక్కలు వచ్చాయి. ఆ పొద్దున దొడ్డిలో చూసింది దీనమ్మ, నెహెమ్యా ఇద్దరే. మూడో మనిషికి చెప్పలేదు, ఆ తర్వాత ఒకరికొకరు కూడా చెప్పుకోలేదు. మళ్లీ వాళ్లకు పిల్లలు నిలవలేదు.

అప్పటినుంచి గరికబండలో ఎవరు పోయినా నెహెమ్యా రాతి పొర లేపకుండా గుంట వదిలింది లేదు, దానికి పైసా ముట్టింది లేదు.

*

ఇప్పుడు క్వారీ లేదు. రాతిదుమ్ము రొమ్ములో చేరి, నాలుగు అడుగులు వేస్తే పిల్లి కూసినట్టు కూస్తుంది. పింఛను డబ్బుల మీద ఇల్లు నడుస్తోంది. దీనమ్మకు చక్కెర జబ్బు ముదిరి మూత్రపిండాల మీదికి వచ్చింది. కాళ్లు ఉబ్బి మంచం దిగదు. దాచేపల్లిలో చంద్రమౌళి మందుల కొట్టుకు పోయినప్పుడల్లా నెహెమ్యా చీటీలో రాసిన బిళ్లల్లో సగమే తెచ్చేవాడు. మిగతా సగం స్టాకు లేదని దీనమ్మకు చెప్పేవాడు.

"ఆ కొట్లో నా బిళ్లలకే కరువొస్తదేందయ్యా," అనేది దీనమ్మ. "పొద్దున బిళ్ల దొరుకుతుంది, సాయంత్రం బిళ్ల దొరకదు. చంద్రమౌళి నాతో ఒంటిపూట ఉపాసం చేయిస్తన్నాడు."

అలాంటి రోజుల్లో నిస్సీ ఇంటికి వచ్చింది. పాస్టరు అయ్యగారి కూతురు. చదువుకొని, ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చొని ఉద్యోగం చేస్తుంది. బెంగళూరులో, హైదరాబాదులో స్థిరపడిన ఊరివాళ్ల చేత చందాలు వేయించి సమాధుల దొడ్డికి ప్రహరీ కట్టిస్తోంది. దొడ్డి కమిటీకి సెక్రటరీ కూడా ఆ పిల్లే.

"తాతా, ఇన్నేళ్లు నీ చేత ఊరికే చేయించుకున్నాం. తలుచుకుంటే సిగ్గుగా ఉంది," అంది మంచం పక్కన పీట మీద కూర్చొని. "పనిచేసినవాడికి కూలి ఇవ్వకపోతే ఆ ఉసురు దేవుడిదాకా పోతుందని బైబిల్లో మనమే చదువుతాం. ప్రేమ పేరు చెప్పి వెట్టి చేయించుకుంటే దాన్ని సంఘం అంటారా?"

"వెట్టి ఎవురు చేశారమ్మా," అన్నాడు నెహెమ్యా. "పిలవకుండానే పోతా నేను."

"అదే. పిలవకుండా పోయేవాడు దొరికాడుగదా అని పిలవడం కూడా మానేశారు. ఇకనుంచి గుంటకు ఇంత అని కమిటీ ఇస్తుంది. కవర్లో పెట్టి నీ చేతికే ఇస్తాం. వోచరు మీద సంతకం పెడితే చాలు."

"నాకొద్దమ్మా."

దీనమ్మ మంచంలో మోచేతి మీద లేచింది. "పిల్ల మాటలో తప్పేముంది? ఏమయ్యా, నీ ప్రేమ తీసుకుపోయి చంద్రమౌళికి ఇచ్చి రా. ఒక షీటు బిళ్లలు ఇస్తాడేమో చూద్దాం."

"నీకు నోరు తప్ప అన్నీ పాడైనయ్యే."

"అదీ పాడైతే నీకు పొద్దెట్టా పోతుంది?"

నిస్సీ నవ్వింది, ఆలోచించుకొమ్మని చెప్పి వెళ్లింది. ఆ పిల్ల మాటలో మోసం లేదు, మర్యాద తప్పింది లేదు.  నెహెమ్యా గడపలో కూర్చొని పలుగు మొన బొటనవేలితో తడుముతూ ఉంటే, దీనమ్మ వెనకనుంచి మెల్లగా అంది. ఈసారి ఎత్తిపొడుపు లేదు.

"స్టాకు లేదని నువ్వు చెప్పేది నేను నమ్ముతన్నా అనుకున్నావా? నాకింకా కొన్నాళ్లు ఉండాలని ఉందయ్యా."

నలభై ఏళ్లు దాటిన కాపురంలో ఆమె అతన్ని అడిగింది అదొక్కటే. నెహెమ్యా లేచి నిస్సీ ఇంటికి పోయి సరేనన్నాడు.

*

ఆదివారం ఆరాధనలో అతన్ని ముందుకు పిలిచి శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. అయ్యగారు భుజం మీద చెయ్యివేసి ఫోటో దిగారు. మొదటి కవరు చంద్రమౌళి గల్లాలోకి పోయింది, రెండు పూటల బిళ్లలూ ఇంటికి వచ్చాయి. దీనమ్మ కాళ్ల వాపు తగ్గింది. గోడ పట్టుకొని వాకిట్లోకి వచ్చి, దారిన పోయే ఇద్దరితో తగాదా కూడా పెట్టుకుంది. ఇల్లు బాగానే ఉంది.

అంతలో పెద యాకోబు పోయాడు. అతని కోడలు ఝాన్సీ ఆ ముసలాయన మలమూత్రాలు ఎత్తిన పిల్ల. ఆమె భర్త, పెద్ద కొడుకు, ఎప్పుడో చనిపోయాడు. చిన్న కొడుకు స్టాలిన్‌బాబు హైదరాబాదు నుంచి కారు వేసుకొని వచ్చాడు. నెహెమ్యా మామూలుగానే చీకటితో లేచి తవ్వాడు. రొమ్ము పట్టేస్తే ఆగాడు, ఆగి మళ్లీ తవ్వాడు. రాతి పొర లేపాడు.

"ఏంది ఇంకా కాలేదా?" అని స్టాలిన్‌బాబు గట్టు మీద నిలబడి వాచీ చూసుకున్నాడు. "డబ్బులు తీసుకునేటప్పుడు టైముకు ఇవ్వాలగదా పెద్దాయనా."

నెహెమ్యా గుంటలోనుంచి తల ఎత్తి చూశాడు. ఆ గుంటల్లో నిలబడి ఉండగా అలాంటి మాట అతను ఎన్నడూ విని ఎరగడు.

పెట్టె దించారు. మన్ను కప్పారు. ప్రార్థన అయింది. ఝాన్సీ చెంబుతో నీళ్లు తెచ్చింది. నెహెమ్యా పలుగు నిలబెట్టి పట్టుకొని ఉన్నాడు.

"వదినా, నీళ్లు ఎవరికి?" అన్నాడు స్టాలిన్‌బాబు.

"పలుగు కడగాల."

"కూలి ఇస్తన్నారుగా ఆయనకి. ఆ కమిటీకి నేనూ కట్టా. ట్రాక్టరోడికి బాడుగ ఇచ్చి, మళ్లీ ట్రాక్టరు మనమే కడిగి పంపిస్తామా?"

పక్కన నలుగురు నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు, మాట సరిగ్గా కుదిరిందని నవ్వారు. ఝాన్సీ మరిది వైపు చూసింది, నెహెమ్యా వైపు చూసింది. చెంబు వంచి తన చేతులు కడుక్కుంది. దాంతో అందరూ చేతులు కడుక్కున్నారు. కార్లు కదిలాయి. నెహెమ్యా పలుగు పట్టుకొని, ఎవరో ఒకరు వెనక్కి వస్తారేమోనని కొంతసేపు నిలబడి చూశాడు. ఎవరూ రాలేదు.

మట్టిపలుగుతో ఇంటికి వచ్చేసరికి దీనమ్మ వాకిట్లో ఉంది. "కడగలేదా?"

"మబ్బు పట్టింది. వాన వస్తదని తొందరపడ్డారు."

దీనమ్మ ఆకాశం వైపు చూసింది. కళ్లాపి చల్లడానికి చాలినంత మబ్బు కూడా లేదక్కడ. 

ఆ పలుగును నెహెమ్యా కడగలేదు. పోయినవాళ్ల మనిషి కడగాల్సినదాన్ని తను కడుక్కోవడం అతని లెక్కలో దొంగతనమే. ఆ తర్వాత మరొకరు పోయారు, ఇంకొకరు పోయారు. ఒకరు మానేసిన పనిని రెండోవాడు ఎందుకు చేస్తాడు? కవరు వస్తూనే ఉంది, నీళ్లు రావడం మానేశాయి. మన్ను మీద మన్ను ఎండి, నలభై ఏళ్లు అరుగుతూ వచ్చిన పలుగు ఇప్పుడు లావెక్కసాగింది. నాగూర్ వలి దాన్ని చూసి, "మామా, నీ పలుగు నెల తప్పినట్టుందే," అన్నాడు. నాగూర్ వలి ప్రహరీ పునాదులు తవ్వే జేసీబీ నడుపుతాడు. నెహెమ్యా పక్కన కూర్చొని బీడీ కాల్చడం అతనికి అలవాటు.

"నా బండిని నేను పొద్దునా సాయంత్రం కడుగుతా. ఇటియ్యి, నేను కడిగిస్తా," అన్నాడు.

"నువ్వు కడగకూడదు అల్లుడూ. పోయినోళ్ల మనిషే కడగాల."

"వాళ్లు కడగరుగదా మరి."

"కడగరు."

"ఇదేం పేచీ మామా. వాళ్లు కడగరు, నువ్వు కడగవు, నన్ను కడగనియ్యవు."

నెహెమ్యా బీడీ ఆర్పి గుంటలోకి దిగాడు.

ఒక ఆదివారం ఒంట్లో కాస్త నెమ్మదిగా ఉందని దీనమ్మ ఆటో ఎక్కి గుడికి వచ్చింది. ఆ రోజు అయ్యగారు గొర్రెల కాపరి మీద ప్రసంగం చెప్పారు. మంచి కాపరి మందకోసం ప్రాణం పెడతాడని, జీతగాడైతే తోడేలు వస్తోందని తెలియగానే మందను వదిలి పరుగెత్తుతాడని, జీతానికి చేసే పనిలో ప్రేమ ఉండదని గట్టిగా చెప్పారు. ఎవరినో ఉద్దేశించి అన్న మాట కాదు. కానీ రెండో వరుసలో కూర్చున్న నెహెమ్యా వైపు నాలుగు తలలు తిరిగాయి. అతను తన కాళ్ల వైపు చూసుకున్నాడు. పిల్ల పోయిననాడు మేస్త్రికి జీతగాడిగా తాను లారీ దగ్గరే ఉండిపోయాడు. పరుగెత్తి ఉంటే బాగుండేది.

అప్పుడు దీనమ్మ గుసగుసలాడింది. ఆమె గుసగుస అంటే మూడో వీధికి వినపడుతుంది. "ఏమయ్యా, మన అయ్యగారిది జీతమా, ప్రేమా?"

ముందు వరుసలో ఒకాయనకు దగ్గు వచ్చింది. పక్కాయనకు కూడా వచ్చింది. అయ్యగారు బైబిలు మూసి కీర్తన ఎత్తుకున్నారు.

*

ఆ సాయంత్రం నెహెమ్యా నిస్సీ దగ్గరికి వెళ్లాడు. "ఈ కూలి ఇక వద్దమ్మా. మునుపటిమాదిరి చేస్తా."

నిస్సీ నిజంగా నొచ్చుకుంది. "ఎవరైనా ఏమన్నా అన్నారా తాతా?"

ఏమని చెబుతాడు? నా పలుగు కడగడం లేదని చెబితే, చదువుకున్న పిల్ల, రేపు ఒక మనిషిని పెట్టి కడిగిస్తుంది. దానికీ ఒక వోచరు పెడుతుంది. "ఎవురూ ఏమనలేదు," అన్నాడు.

"అయితే కుదరదు తాతా. తీర్మానం చేశాం. ముసలాయన చేత ఊరికే చేయించుకుంటున్నారని రేపు మామీదే మాట వస్తుంది. నీకు చేతకాకపోతే చెప్పు, తప్పేం లేదు. నాగూర్ వలి జేసీబీ అక్కడే ఉంది."

"దాని బకెట్టుకు ఆ రాయి లేవదమ్మా. పైన గీకుతుంది."

"రాయి పగలగొట్టే బ్రేకరు తగిలించాలంటే చాలా అవుతుందంట. ఉన్నంతలో తవ్వుతుందిలే."

ఉన్నంతలో. ఆ మాట అతను ఇంతకుముందు, పిల్ల గుంట గురించి, ఒకసారి విన్నాడు. నెహెమ్యా ఇంటికి వచ్చాడు. కూలి మానితే గుంట తవ్వనివ్వరు. గుంట తవ్వితే కూలి పుచ్చుకోక తప్పదు. కూలి పుచ్చుకుంటే నీళ్లు రావు.

దీనమ్మ అతని మొహం చూసింది. తర్వాత అడిగింది. "నేను పోతే నా గుంటకు కూడా వోచరు రాయించుకుంటావా?"

"నోరు ముయ్యవే."

"చెప్పవయ్యా. జీతానికి తవ్వుతావా, ప్రేమకు తవ్వుతావా?"

"అసలు తవ్వనే తవ్వను. నిన్ను చంద్రమౌళి కొట్లో పూడుస్తా. నీ ఆస్తంతా ఆడనే ఉంది."

దీనమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. ఆ నవ్వు చూసి నెహెమ్యా, పోనీలే, ఈ నవ్వు కోసం నీళ్లు రాకపోతే రాకపోయె, అనుకున్నాడు. అమ్ముకున్నది ఏదో తెలుసు. దానికి వచ్చింది కళ్ల ఎదురుగానే ఉంది. బేరం మరీ నష్టమేమీ కాదనిపించింది.

*

ఆ నవ్వు వానలు మొదలయ్యేదాకా ఉంది. ఆ తర్వాత బిళ్లలు పనిచేయడం మానేశాయి. నరసరావుపేట ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. దారిలోనే దీనమ్మ పోయింది. పోయేముందు ఏం చెప్పిందని అందరూ అడిగారు. ఆటోవాడు గతుకుల్లో నడుపుతున్నాడని వాణ్ణి తిట్టిందని నెహెమ్యా చెప్పాడు.

శవాన్ని వాకిట్లో పడుకోబెట్టి ఆడవాళ్లు ఏడుస్తుంటే నెహెమ్యా కూర్చోలేదు. గోడకు ఆనించిన పలుగు తీసుకొని దొడ్డికి వెళ్లాడు. పిల్లను పెట్టిన చోటు పక్కన గీత గీశాడు.

నాగూర్ వలి జేసీబీ ఆపి దిగి వచ్చాడు. "మామా, ఈ ఒక్కసారికి లే. నీ రొమ్ము ఆ కూత చూడు. పై మన్నన్నా తీయనియ్యి."

"ఈ ఒక్కసారికి అసలే లేవను."

నాగూర్ వలి పక్కనే ఉండిపోయాడు. నెహెమ్యా లేపిన రాతిముక్కల్ని చేతులతో ఎత్తి గట్టు మీద పేర్చాడు. రాయి ఆ రోజు ఏమీ చెప్పలేదు. నెహెమ్యా చెవి ఆనించి విన్నాడు, మళ్లీ విన్నాడు. తన రొమ్ములో కూత తప్ప ఏమీ వినపడలేదు. గుడ్డిగా కొట్టాడు. చేతులు చిట్లాయి. పొర విడింది. దాని కింద పొర కూడా విడింది. అతని తల గట్టు దాటి కనపడకుండా పోయాక నాగూర్ వలి, "చాలు మామా," అన్నాడు. నెహెమ్యా ఇంకో పొర లేపాడు.

జనం బాగానే వచ్చారు. అయ్యగారు మంచి ప్రార్థన చేశారు. మన్ను కప్పారు. శిలువ నాటారు. నెహెమ్యా పలుగు పట్టుకొని దిమ్మ పక్కన నిలబడ్డాడు.

నిస్సీ ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లతో దగ్గరికి వచ్చింది. చేతిలో కవరు, వోచరు ఉన్నాయి. "తాతా, ఎలా ఇవ్వాలో తెలియడం లేదు. సొంత మనిషని ఆపితే నీ కష్టం తీసేసినట్టు అవుతుంది. ఇచ్చేద్దామనే అన్నారు కమిటీలో. మామ్మ మందుల బాకీ కూడా ఉందిగదా."

వోచరు మీద పని వివరం అన్నచోట 'దీనమ్మగారి గుంట' అని అచ్చంగా రాసి ఉంది.

"ఉండమ్మా," అన్నాడు నెహెమ్యా. "పని ఇంకా కాలేదు."

ఝాన్సీ ముందుకు వచ్చింది. చేతిలో నీళ్లచెంబు ఉంది. "బాబాయ్, నేను కడుగుతా. ఆ పొద్దు తప్పు చేశా."

"లోపల ఉంది నీ మనిషి కాదమ్మా," అన్నాడు నెహెమ్యా. "నీ మనిషి ఈ పలుగు మీద ఉన్నాడు. ఇప్పుడు కడిగితే ఎవుర్ని కడిగినట్టు?"

ఝాన్సీ తల వంచుకుంది. అతను చెంబు అందుకున్నాడు. పోయినవాళ్ల మనిషే కడగాలి. పోయినామెకు ఉన్న మనిషి తనొక్కడే. చెంబు వంచి పలుగు పైనుంచి కిందికి చేత్తో రుద్దాడు. ముందు దీనమ్మ తడిమన్ను జారింది. దాని కింద నిరుడు పోయినవాళ్ల మన్ను రాయిలా ఎండి ఉంది. చెంబు ఖాళీ అయింది. నాగూర్ వలి బండిలో ఉన్న నీళ్ల క్యాను తెచ్చి పక్కన పెట్టాడు. ఒక్కొక్క పొర నాని, గోటికి వచ్చి, అతని కాళ్ల మీద పడింది. అన్నిటికన్నా అడుగున పెద యాకోబు మన్ను ఉంది. అది కూడా పోయింది. ఇనుము బయటపడింది. నెహెమ్యా కండువాతో తుడిచాడు.

ఇక ఇవ్వాలి. రెండు చేతులతో ఇవ్వాలి, రెండు చేతులతో అందుకోవాలి. నాలుగు చేతుల పని అది. నెహెమ్యా కాసేపు ఆలోచించాడు. పలుగును రెండు చేతులతో దిమ్మకు ఇవతల, దీనమ్మ కాళ్ల దగ్గర నాటాడు. సమాధి చుట్టూ మెల్లగా నడిచి అవతలికి వెళ్లాడు. అవతల నిలబడి, వంగి, రెండు చేతులతో అందుకున్నాడు.

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలాయనకు మతి చలించిందని ఎవరో మెల్లగా అన్నారు.

నిస్సీ చెయ్యి ఇంకా చాచే ఉంది. నెహెమ్యా ఆ పిల్ల మొహం చూశాడు. తడిచేతులు తుడుచుకొని సంతకం పెట్టాడు. కవరు తీసుకొని ఇంటికి వెళ్లి దీనమ్మ బిళ్లల డబ్బాలో పెట్టాడు. డబ్బాలో ఇంకా ఒకటిన్నర షీటు మిగిలి ఉంది.

*

వారం తిరక్కముందే ఆ మాట టీకొట్టు దాకా వచ్చింది. నెహెమ్యా బెంచీ చివర కూర్చొని ఉండగానే ఒకడు ఇంకొకడితో అన్నాడు. "పెళ్లాం గుంటకు కూడా కూలి తీసుకున్న మనిషిని మన ఊళ్లోనే చూశాం."

"తీసుకోక? జీతగాడు జీతగాడే," అన్నాడు రెండోవాడు.

నాగూర్ వలి గ్లాసు దించి లేవబోయాడు. నెహెమ్యా అతని మోకాలు మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. తన టీ తాగి, డబ్బులిచ్చి ఇంటికి పోయాడు.

ఆ నెల చివర్లో స్టాలిన్‌బాబు తల్లి, ఝాన్సీ అత్త, పోయింది. తెల్లవారుతుండగా నిస్సీ ఫోను చేసింది. ఇదివరకైతే ఆ ఫోను వచ్చేసరికి నెహెమ్యా దొడ్డిలో ఉండేవాడు. ఈసారి ఇంట్లో మంచం మీద కూర్చొని ఉన్నాడు.

"తాతా, గుంట తవ్వాలి. మధ్యాహ్నానికి భూస్థాపన పెట్టుకున్నారు."

"ఎన్నడుగులు కావాలమ్మా?"

 "అదేంటి తాతా? నీకు తెలియనిదా?"

"నాకు తెలిసింది వేరే. కూలి ఇచ్చేవాళ్లు చెప్పాలగదా."

"ఇదివరకు ఎంత తవ్వేవాడివి?"

"ఇదివరకు ఎవురూ అడగలా. నేనూ అడగలా."

 నిస్సీ గొంతులో ఏదో అర్థమవుతున్నట్టు వినపడింది. కానీ అర్థమైనదానికి ఏం చేయాలో కమిటీ పుస్తకంలో లేదు.

"కమిటీని అడిగి చెబుతా తాతా," అంది చివరికి.

"సరే, అడుగమ్మా."

నెహెమ్యా ఫోను దిండు పక్కన పెట్టాడు. కడిగిన పలుగు గోడకు ఆనించి ఉంది. పల్లెలో ఏడుపులు మొదలయ్యాయి. అతను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని, జవాబు వచ్చేదాకా మంచం దిగలేదు.